సీ లాంగ్వేజ్‌లో గ్రాఫిక్స్: ముగ్గు వేస్తూ మొదలెడదాం

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు డిప్లొమానో బీసీఏనో చదివే మన తెలుగు పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, క్లాసులో ఒడియా, ల్యాబ్ రికార్డులో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య గ్రాఫిక్స్ చాప్టర్ వచ్చేసరికి సీనియర్ రికార్డులోంచి రెండు పేజీల ప్రోగ్రామ్ దించేసి, అవుట్‌పుట్ రాకపోతే వైవా టెన్షన్ పెట్టుకుంటారు. నిజానికి ఫర్ లూపూ కాస్త కూడికలూ వస్తే చాలు. తలనొప్పంతా సెటప్‌లోనే ఉంది, ముందు దాని సంగతి చూద్దాం. ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా గానీ ఎడిటర్‌లో ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి.

ల్యాబుల్లో వాడే పాత సీ కంపైలర్ టర్బో సీతో వచ్చే గ్రాఫిక్స్ లైబ్రరీని బీజీఐ అంటారు, బోర్లాండ్ కంపెనీ 1987లో తెచ్చింది. అది విండోస్‌కి ముందున్న డాస్ కాలం సరుకు, 16 బిట్ ప్రోగ్రామ్, ఇప్పటి 64 బిట్ విండోస్ దాన్ని నేరుగా నడపదు. అందుకే పాత డాస్ ప్రోగ్రాములను ఇప్పటి కంప్యూటర్‌లో నడిపించే డాస్‌బాక్స్ కావాలి. ఫోన్‌లోని సీ కంపైలర్‌లోనో మామూలు జీసీసీ కంపైలర్‌లోనో రాస్తే గ్రాఫిక్స్ డాట్ హెచ్ దొరకలేదని ఎర్రర్ కొడుతుంది. మీ కోడ్ తప్పేమీ కాదు, ఆ ఫైలు వాటితో పాటు రాదు, అంతే.

టర్బో సీ తెరిచాక ఆప్షన్స్, లింకర్, లైబ్రరీస్‌లోకి వెళ్లి గ్రాఫిక్స్ లైబ్రరీ దగ్గర టిక్ పెట్టండి. ఇది మర్చిపోతే కంపైల్ బాగానే అయ్యి లింక్ దగ్గర అన్‌డిఫైన్డ్ సింబల్ అని ఆగిపోతుంది. కోడ్ పైన గ్రాఫిక్స్ డాట్ హెచ్, కోనియో డాట్ హెచ్ చేర్చుకుని, మెయిన్‌లో జీడీ, జీఎం అని రెండు ఇంట్ వేరియబుల్స్ పెట్టి, జీడీకి డిటెక్ట్ అన్న విలువ ఇవ్వండి, ఇదొక్కటి మాత్రం పెద్ద అక్షరాల్లో. తర్వాత ఇనిట్‌గ్రాఫ్‌కి ఆ రెండింటి అడ్రస్‌లు, అంటే ముందు యాంపర్‌సాండ్ గుర్తుతో, మూడోదిగా కోట్స్ మధ్య బీజీఐ ఫోల్డర్ దారి, అంటే పాత్.

ఎక్కువమంది ఇరుక్కునేది ఈ దారి దగ్గరే. డాస్‌బాక్స్‌లో సీ డ్రైవ్ అంటే మీరు మౌంట్ చేసిన, అంటే ఇదే సీ అని దానికి చూపించిన ఫోల్డర్, కంప్యూటర్‌లోని అసలు సీ డ్రైవ్ కాదు. టర్బోసీ3 ఫోల్డర్‌నే సీగా మౌంట్ చేసుంటే బీజీఐ ఫోల్డర్ నేరుగా సీ కిందే ఉంటుంది, అప్పుడు దారిలో మళ్లీ టర్బోసీ3 అని రాస్తే అది ఎక్కడ దొరుకుతుంది? డిర్ అని కొడితే ఫోల్డర్‌లో ఏమున్నాయో కనిపిస్తుంది, చూసుకోండి. ఇంకోటి, బ్యాక్‌స్లాష్ రెండుసార్లు కొట్టాలి, ఎందుకంటే సీలో ఒక్క బ్యాక్‌స్లాష్ పక్కన చిన్న టీ వస్తే ట్యాబ్, చిన్న బీ వస్తే బ్యాక్‌స్పేస్ అయిపోయి దారి మొత్తం చెడుతుంది. ఇదంతా ఎందుకు అనుకుంటే ఈజీఏవీజీఏ డాట్ బీజీఐ అన్న ఫైలును మీ ప్రోగ్రామ్ నడిచే ఫోల్డర్‌లోకి కాపీ చేసి, మూడోదాన్ని ఖాళీ కోట్స్‌గా వదిలేయండి, పనైపోతుంది. ఇనిట్‌గ్రాఫ్ తర్వాత గ్రాఫ్‌రిజల్ట్ సున్నా ఇస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే. చివర్లో గెట్‌సీహెచ్, ఆ తర్వాత క్లోజ్‌గ్రాఫ్. గెట్‌సీహెచ్ లేకపోతే బొమ్మ కనిపించీ కనిపించకముందే మాయమవుతుంది.

ఇప్పుడు స్క్రీన్. వీజీఏ మోడ్‌లో అడ్డంగా 640, నిలువుగా 480 చుక్కలు, 16 రంగులు. సున్నా, సున్నా అనేది ఎడమవైపు పై మూల. కిందికి వెళ్లేకొద్దీ వై పెరుగుతుంది, లెక్కల క్లాసులో గీసిన గ్రాఫ్‌కి తలకిందులుగా. కానీ ఆర్క్ ఫంక్షన్‌లో కోణాలు మాత్రం లెక్కల పద్ధతిలోనే, గడియారానికి ఎదురుగా తిరుగుతాయి, 0 నుంచి 180 అంటే పై సగం. కాబట్టి ముందు గళ్ల కాగితం మీద గీసి, ఆ తర్వాతే కీబోర్డు ముట్టుకోండి.

ఏం గీయాలి? ఇల్లూ చెట్టూ కారూ అందరి రికార్డుల్లోనూ ఉంటాయి. నన్నడిగితే ముగ్గు. మార్గశిర గురువారాల్లో పక్కింటి ఒడియావాళ్లు వేసే ఝోటి, అంటే వాళ్ల ముగ్గు, నాకు చాలా ఇష్టం గానీ, లక్ష్మీ పాదాలూ వరి కంకులూ చేతివాటంతో సాగేవి, కోడ్‌కి అంత తేలిగ్గా లొంగవు. మన చుక్కల ముగ్గుకి లెక్క ఉంది కాబట్టి లూపులో చక్కగా ఇమిడిపోతుంది.

అయిదు వరసలు, వరసకి అయిదు చుక్కలు. స్క్రీన్ మధ్య 320, 240. ఐ అనే వేరియబుల్ మైనస్ 2 నుంచి 2 దాకా, దాని లోపల జే కూడా అంతే. ఎక్స్ విలువ 320కి ఐ ఇంటూ 60 కలిపితే వచ్చేది, వై విలువ 240కి జే ఇంటూ 60 కలిపితే వచ్చేది. పుట్‌పిక్సెల్ పెడితే చుక్క కంటికి ఆనదు, ఫిల్‌ఎలిప్స్‌తో రెండు, రెండు రేడియస్‌లు ఇవ్వండి. అదే లూపులో ప్రతి చుక్క చుట్టూ 42 రేడియస్‌తో సర్కిల్ గీయండి. 60 చదరపు గడికి మూలనుంచి మధ్యకి దూరం సుమారు 42.4, అందుకే సర్కిళ్లు ఒకదాన్నొకటి కోసుకుని, పక్కపక్క చుక్కల మధ్య రేకులు వచ్చి, నాలుగేసి రేకులు ఒకచోట కలిసినట్టు కనిపిస్తాయి. 30 పెడితే సర్కిళ్లు ఊరికే తాకి ఊరుకుంటాయి, మార్చి చూడండి.

రంగు నింపడానికి సెట్‌ఫిల్‌స్టైల్‌లో 1, ఆపైన రంగు నంబరు, పసుపు 14, ఎరుపు 4. తర్వాత రెండు చుక్కల సరిగ్గా మధ్య బిందువు ఇచ్చి ఫ్లడ్‌ఫిల్. దాని మూడో విలువ గీత రంగు, నింపే రంగు కాదు. గీతలు తెల్లవి అయితే అక్కడ 15 ఉండాలి. తేడా వచ్చిందా, రంగు రేకు దాటి స్క్రీనంతా పాకేస్తుంది. అందుకే సర్కిళ్లన్నీ ఒకే రంగులో గీయడం పూర్తయ్యాకే, విడిగా ఇంకో లూపులో నింపండి.

కదిలే బొమ్మ కావాలంటే బార్ ఫంక్షన్‌తో గుణుపురం ప్యాసింజర్ పెట్టె ఒకటి గీసి, డాస్ డాట్ హెచ్‌లోని డిలేతో కాస్త ఆపి, పాత చోట నల్ల బార్ వేసి, ఎక్స్‌ని నాలుగు పెంచి మళ్లీ గీయడమే. ప్రతిసారీ క్లియర్‌డివైస్ వాడితే స్క్రీన్ మిణుకుమిణుకుమంటుంది.

పరీక్ష గండం గట్టెక్కాక బీజీఐని వదిలేసి రేలిబ్ అనే కొత్త తరం గ్రాఫిక్స్ లైబ్రరీకి వెళ్లండి. 2013లో మొదలైంది, ఉచితం, ఇదీ సీలోనే రాయొచ్చు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. ఇనిట్‌విండోతో కిటికీ తెరిచి, దాన్ని మూసేదాకా తిరిగే వైల్ లూపులో బిగిన్‌డ్రాయింగ్, ఎండ్‌డ్రాయింగ్ మధ్య గీస్తారు. ఇందులో పేర్ల మొదటి అక్షరాలు పెద్దవి, చూసుకోండి. 16 రంగుల గొడవ లేదు, ముగ్గు లెక్క అదే పనికొస్తుంది. ముగ్గు కింద మీ పేరు తెలుగులో రాయాలనుకుంటే మాత్రం ఒక చిక్కుంది: బీజీఐ ఫాంట్లలో తెలుగే లేదు, రేలిబ్‌లో తెలుగు ఫాంట్ ఎక్కించినా ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా అతుక్కోవు. పెయింట్‌లో పేరు రాసి పీఎన్‌జీగా సేవ్ చేసి, లోడ్‌టెక్స్చర్, డ్రాటెక్స్చర్‌లతో బొమ్మలాగే పెట్టేయండి.