యుద్ధ నగరానికి సాయం పంపే ముందు తిరుపతి బృందాలు చూసుకోవాల్సినవి

యుద్ధం నడుస్తున్న ఊరి కోసం తిరుపతిలో చందాలు పోగుచేసే కాలేజీ బృందాలు, కాలనీ సంఘాలు ముందుగా కనుక్కోవాల్సింది ఒక్కటే: అక్కడ లబ్ధిదారుల జాబితా ఎవరి చేతిలో ఉంది? ముట్టడిలో ఉన్న ఊళ్లో బియ్యం మూట ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్లదే. తమవాళ్లను జాబితాలో ఎక్కించి, ఎదురు తిరిగినవాళ్ల పేర్లు కొట్టేస్తారు. 2019 జూన్‌లో యెమెన్‌లోని సనా నగరంలో ఐక్యరాజ్యసమితికి చెందిన ప్రపంచ ఆహార కార్యక్రమం దాదాపు 8.5 లక్షల మందికి అందే తిండి సాయం ఆపేసింది. సరుకు దారి మళ్లుతోందని వేలిముద్రల నమోదు అడిగితే, ఊరిని ఏలుతున్న హూతీ తిరుగుబాటుదారులతో మాట కుదరలేదు. ఆగస్టులో ఒప్పందం అయ్యాకే మళ్లీ మొదలైంది. ఆ భారమంతా మోసింది మామూలు జనమే.

అందుకే అక్కడ సాయం పంచే సంస్థను నేరుగా అడగండి. పేర్లు రాసేది మీ సిబ్బందా, స్థానిక కమాండరా? చెక్‌పోస్టు దగ్గర వాటా ఇస్తున్నారా? పంచాక ఇంటింటికీ వెళ్లి చూసేదెవరు? ఇబ్బందులున్నాయని ఒప్పుకునే సంస్థనే ఎక్కువ నమ్మొచ్చు.

మందులు సేకరించకండి. 1992–96 మధ్య బోస్నియాలో పనికిరాని మందులు 17,000 టన్నులు పోగుపడ్డాయని అంచనా. ఇంట్లో మిగిలిన నాలుగు మాత్రల స్ట్రిప్ ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి: కత్తిరించిన చోట పేరు సగమే ఉంటుంది, గడువు తేదీ ఉన్న అంచు షాపులోనే ఉండిపోయింది. అక్కడి ఫార్మసిస్టుకు అది చెత్త, పారేసే ఖర్చు కూడా వాళ్లదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం చేరే నాటికి కనీసం ఏడాది గడువుండాలి, శాంపిళ్లు పనికిరావు. పాత బట్టలూ వద్దు.

బ్యానర్ మీద నాయకుల ఫొటోలు, పార్టీ రంగులు, మత గుర్తులు వేయొద్దు. సాయాన్ని రాజకీయ, మత ప్రచారానికి వాడకూడదని 1994 నాటి రెడ్‌క్రాస్ ప్రవర్తనా నియమావళే చెబుతోంది. చెక్‌పోస్టులో తుపాకీ పట్టుకున్నవాడికి ఆ గుర్తు ఒక పక్షంగానే కనిపిస్తుంది, దెబ్బ తగిలేది లారీ డ్రైవరుకు.

పదిమంది చందా ఒకరి సొంత ఖాతా నుంచి విదేశాలకు పంపకండి. అదంతా ఆ ఒక్కరి ఎల్‌ఆర్‌ఎస్ (ఒక వ్యక్తి విదేశాలకు డబ్బు పంపుకునే ఆర్‌బీఐ పథకం) లెక్కలో పడుతుంది, ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటుంది. మన దేశంలో నమోదైన సంస్థకే ఇచ్చి రసీదు తీసుకోండి. నగదు 2,000 రూపాయలు దాటితే పన్ను రాయితీ రాదు. వాట్సాప్‌లో వచ్చిన క్యూఆర్ కోడ్‌కు అసలు పంపొద్దు.

లీలామహల్ సర్కిల్లో డబ్బా పట్టుకుని నిలబడితే మూతకు సీలు వేయండి. సాయంత్రం ఇద్దరి ఎదుట విప్పి, మొత్తం రాసి, ఇద్దరూ సంతకం పెట్టి, మర్నాడే బ్యాంకులో కట్టేయండి.