పల్లె చర్చిని సంగీతోత్సవానికి నెలవుగా తీర్చిదిద్దడం: నిధుల సేకరణ ఎక్కడ మొదలుపెట్టాలి

పల్లెలోని పాత చర్చిలో ఏటా సంగీతోత్సవం జరపాలన్న ఆలోచన పుట్టగానే చాలామంది మరమ్మతులకు అంచనా వేయించి, ఆ వెంటనే విరాళాల కరపత్రం అచ్చు వేయిస్తారు. ఆ రెండూ అవసరమే గాని, వాటి వంతు చాలా తర్వాత వస్తుంది. దాత పైకి అడిగినా అడగకపోయినా మనసులో మూడు ప్రశ్నలు వేసుకుంటాడు: ఈ కట్టడం ఎవరి చేతిలో ఉంది, ఇందులో ఇప్పటికే మంచి సంగీతం వినిపిస్తోందా, నేనిచ్చినది పదేళ్ల తర్వాత కూడా నిలిచి ఉంటుందా. ఈ మూడింటికీ నమ్మదగిన జవాబు చూపగలిగిన కమిటీకే పెద్ద విరాళం వస్తుంది.

సంఘంతో రాతపూర్వక ఒప్పందం

చర్చి మొదటగా ఆరాధన స్థలం. అక్కడ పెళ్లిళ్లు చేసుకున్నవారు, తమ పెద్దలను అక్కడి నేలలోనే పాతిపెట్టుకున్నవారు ఆ ఊళ్లో ఇంకా ఉంటారు. బయటినుంచి వచ్చిన సంగీత ప్రియులు తమ చర్చిని హాలుగా మార్చేస్తారేమోనన్న భయం వారిలో కలిగితే, ఎంత డబ్బు వచ్చినా పని ముందుకు సాగదు. కాబట్టి పాస్టరుతోనూ సంఘ పెద్దలతోనూ కూర్చుని, ఏ రోజులు ఆరాధనకు విడిచిపెట్టాలి, ఈస్టరుకు ముందు వచ్చే పరిశుద్ధ వారంలో కచేరీలు ఉంటాయా, ఉత్సవం మధ్యలో ఎవరైనా చనిపోతే అంత్యక్రియల కోసం రిహార్సల్ ఆపుతారా, బల్లలు జరిపినవారే తిరిగి సర్దుతారా, విద్యుత్ ఖర్చు ఎవరు భరిస్తారు అన్నవన్నీ ఒక్కొక్కటిగా రాసుకోవాలి. అంత్యక్రియల మాట చిన్నదిగా కనిపించవచ్చు. నా దృష్టిలో ఒప్పందం మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం అదే, ఎందుకంటే ఊరివారు మొదట చదివేది దాన్నే.

కట్టడం సాధారణంగా పై అధికార వ్యవస్థ పేరనో ట్రస్టు పేరనో ఉంటుంది గనుక, గోడలో మేకు దించాలన్నా ఎవరి అనుమతి కావాలో ముందే తెలుసుకోవాలి. అది చారిత్రక కట్టడంగా రక్షణలో ఉంటే అనుమతులకు నెలలు పట్టవచ్చు. అనుమతి రాని పనికి విరాళాలు వసూలు చేస్తే, ఆ పని తిరస్కరణకు గురైన రోజున ఆ డబ్బు తిరిగి ఇవ్వవలసి వస్తుంది, లేదా ప్రతి దాత దగ్గరికీ వెళ్లి వేరే పనికి వాడుకోవడానికి సమ్మతి అడగవలసి వస్తుంది.

ఉత్సవ నిధిని చర్చి సాధారణ ఖాతాలో కలపకూడదు. దానికి వేరే ట్రస్టు, వేరే బ్యాంకు ఖాతా, వేరే ఆడిట్ ఉండాలి; ట్రస్టీలలో సంఘం వారికి తప్పక చోటుండాలి. ఆరాధన కార్యక్రమాలకు నిధులివ్వని సంస్థలు అనేకం సంస్కృతికీ, విద్యకూ, వారసత్వ కట్టడాల రక్షణకూ ఇస్తాయి. లెక్కలు విడిగా ఉంటేనే వాటి తలుపు తట్టగలం.

కట్టడంకన్నా ముందు కచేరీ

ఇంగ్లండులోని సఫోక్ తీరంలో ఆల్డ్‌బరో ఉత్సవాన్ని 1948లో స్వరకర్త బెంజమిన్ బ్రిటన్, గాయకుడు పీటర్ పియర్స్, రచయిత ఎరిక్ క్రోజియర్ మొదలుపెట్టినప్పుడు వారికి సొంత హాలు లేదు. ఊళ్లోని చిన్న జూబిలీ హాలునూ, చర్చినీ వాడుకున్నారు. తర్వాతి కాలంలో చుట్టుపక్కల ఆర్‌ఫర్డ్, బ్లైత్‌బర్గ్ చర్చీలలో కూడా కచేరీలు జరిపారు. దగ్గరలోని స్నేప్‌ అనే ఊళ్లో పాత బార్లీ మాల్టు కర్మాగారాన్ని హాలుగా మార్చి తెరిచింది 1967లో, అంటే పంతొమ్మిదేళ్ల తర్వాత. ఫ్రాన్సులోని ప్రాద్‌లో ప్రవాసంలో ఉన్న చెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్ చుట్టూ 1950లో ఉత్సవం మొదలైనప్పుడు వేదిక ఆ ఊరి చర్చే. వయొలిన్ విద్వాంసుడు గిడోన్ క్రేమర్ 1981లో ఆస్ట్రియా పల్లె లాకెన్‌హౌస్‌లో ప్రారంభించిన ఉత్సవం కూడా ఊరి చర్చినీ, కోటనూ ఆసరా చేసుకున్నదే. ఈ చోట్లన్నిటా మొదట ప్రజలను రప్పించింది సంగీతమే.

అందుచేత కనీసం రెండు ఉత్సవాలైనా ఉన్న చర్చిలో, ఉన్న బల్లల మీద, అద్దెకు తెచ్చిన పియానోతో జరపాలని నా గట్టి సలహా. ప్రతి కచేరీలోనూ ఎంతమంది వచ్చారు, ఎంత దూరంనుంచి వచ్చారు, ఏ బల్ల దగ్గర వినపడలేదు, ఎక్కడ చలి వేసింది, మరుగుదొడ్డి కోసం ఎంతసేపు నిలబడవలసి వచ్చింది అన్నవి నమోదు చేయండి. రేపు దాత ముందు పెట్టవలసిన ఆధారాలు ఇవే, పనుల జాబితా తయారయ్యేది కూడా వీటినుంచే.

దేనికి అడగాలి

రాతి చర్చిలో శబ్దం చాలాసేపు నిలిచి మోగుతుంది. ఆ మోగుడు ఎంతసేపు ఉంటుందో లెక్కగట్టే సూత్రాన్ని వాలెస్ సబైన్ అనే భౌతిక శాస్త్రవేత్త పంతొమ్మిదో శతాబ్దం చివర హార్వర్డులో చేసిన ప్రయోగాలతో కనుగొన్నాడు: గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకుని 0.161తో గుణించి, గదిలోని మొత్తం శబ్ద శోషణతో, అంటే గోడలు, వస్తువులు, మనుషులు శబ్దాన్ని పీల్చుకునే శక్తిని చదరపు మీటర్లలో చెప్పే కొలతతో, భాగించాలి. ఉదాహరణకు 3,000 ఘనపు మీటర్ల చర్చి ఖాళీగా ఉన్నప్పుడు మోగుడు 4 సెకన్లు ఉందనుకుంటే, దాని శోషణ దాదాపు 120 చదరపు మీటర్లు. కూర్చున్న మనిషి ఒక్కొక్కరు సుమారు అర చదరపు మీటరు శోషణ కలుపుతారని లెక్కిస్తే, 200 మంది శ్రోతలు చేరగానే ఆ మోగుడు సుమారు 2.2 సెకన్లకు దిగుతుంది. బృందగానానికి అది చక్కగా సరిపోతుంది. వేగంగా సాగే వయొలిన్, పియానో సంగీతానికి మాత్రం ఇంకా కొంచెం ఎక్కువే.

ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. మెత్తటి కుర్చీలు, తివాచీ వేస్తే బాగుంటుందని కమిటీలో ఎవరో ఒకరు తప్పక అంటారు, అందుకు దాత కూడా సులభంగా దొరుకుతాడు. కాని ఆ తివాచీతోనే చర్చి గొంతు మూగబోవచ్చు. ధ్వని నిపుణుడితో కొలతలు తీయించే ఖర్చు మొత్తం అంచనాలో చిన్న భాగమే, కనుక మొదటి విరాళాలను దానికే కేటాయించండి. అవసరమైనప్పుడు దించి, తర్వాత చుట్టి పెట్టుకోగల తెరల వంటి ఏర్పాట్లను అడగండి. తిరిగి తీసేయడానికి వీలున్న మార్పులకు వారసత్వ అధికారుల అనుమతి కూడా తేలికగా దొరుకుతుంది.

ఆ తర్వాతి వరుసలో కారని కప్పు, సురక్షితమైన విద్యుత్తు, మరుగుదొడ్లు, చక్రాల కుర్చీ వెళ్లగల వాలుబాట, కళాకారులు దుస్తులు మార్చుకునే గది ఉండాలి. వేడి ఏర్పాటు విషయంలో తొందర వద్దు: వేడిగాలిని ఒక్కసారిగా వదిలితే చెక్క ఎండి, ఆర్గన్, పియానో రెండూ శ్రుతి తప్పుతాయి. ఎత్తైన వేదిక, రంగుల దీపాలు చివరివి. దాతలకు మరుగుదొడ్డికన్నా వేదికే ఆకర్షణీయంగా కనిపించడం సహజమే గాని, ముసలివారు విరామం దాకా ఉండగలిగితేనే టికెట్లు అమ్ముడవుతాయని వారికి ఓపికగా చెప్పాలి.

ఎవరిని, ఏ వరుసలో అడగాలి

లక్ష్యం వంద పాళ్లు అనుకుంటే, మొదటి పెద్ద విరాళం అందులో పది నుంచి ఇరవై పాళ్లు ఉండాలి. తర్వాతి పదిమందినుంచి మరో ముప్పై, నలభై పాళ్లు రావాలి. మిగిలినదే వందలమంది ఇచ్చే చిన్న చందాల వంతు. లక్ష్యాన్ని ఊరి జనాభాతో భాగించి, తలా ఇంత ఇస్తే చాలుననుకోవడం ఎక్కడా ఫలించదు. ఎందుకంటే ఇవ్వగలవాడు కూడా ఆ తలసరి మొత్తమే ఇచ్చి ఊరుకుంటాడు, ఇవ్వలేనివాడు సిగ్గుపడి కచేరీకి రావడం మానేస్తాడు.

బహిరంగ ప్రకటనకు ముందే, చడీచప్పుడు లేకుండా, లక్ష్యంలో సగమైనా మాట తీసుకోవాలి. దానికన్నా ముందు ట్రస్టీలు ప్రతి ఒక్కరూ తమ శక్తికొద్దీ ఇచ్చి ఉండాలి; మొత్తం ఎంతన్నది కాదు, అందరూ ఇచ్చారా అన్నదే పెద్ద దాత అడుగుతాడు. అతణ్ణి ఉత్తరంతో కాక మనిషి ద్వారా, వీలైతే ఖాళీ చర్చిలో ఒక్క గాయకుడి చేతనైనా పాడించి, అక్కడే కూర్చోబెట్టి అడగాలి. మొత్తాన్ని స్పష్టంగా చెప్పి, ఆ తర్వాత మౌనంగా ఉండాలి. ఒక్కసారిగా ఇవ్వలేనివారికి మూడు నుంచి ఐదేళ్ల వాయిదాల్లో చెల్లించే వెసులుబాటు ఇవ్వండి. మీరు ఎంత పోగు చేస్తే అంత నేనూ కలుపుతానని ఎవరైనా ముందుకొస్తే, ఆ మాటను బహిరంగ ప్రకటన రోజు దాకా దాచండి; చిన్న దాతలను కదిలించే శక్తి దానికుంది.

నిధుల కోసం పెట్టే కచేరీలు ఖర్చులు పోను మిగిల్చేది తక్కువ. వాటిని స్నేహితులను కూడగట్టే సందర్భాలుగానే చూడాలి.

సంస్థల గ్రాంటుకు దరఖాస్తు చేసేటప్పుడు రెండు సంగతులు మరవకూడదు. ముందే మొదలుపెట్టిన పనికి చాలా సంస్థలు డబ్బు ఇవ్వవు, కనుక మంజూరు పత్రం చేతికి రాకుండా మేస్త్రీని పిలవవద్దు. మంజూరైన సొమ్ము కూడా తరచూ పని జరిగి బిల్లులు చూపించాకే వస్తుంది, కాబట్టి మధ్యలో కూలీ చెల్లించడానికి చేతిలో నగదు ఉండాలి. పాత గోడ విప్పితే ఏముంటుందో ఎవరూ ముందుగా చెప్పలేరు గనుక అంచనాపై పది నుంచి పదిహేను శాతం అదనంగా కలపండి.

బీమా ఖర్చును కూడా లక్ష్యంలోనే చేర్చండి. స్నేప్ హాలు 1969 జూన్ 7న, ఆ ఏటి ఉత్సవం మొదటి రాత్రే, అగ్నిప్రమాదంలో కాలిపోయింది. అయినా ఉత్సవం ఆగలేదు. కచేరీలను బ్లైత్‌బర్గ్ చర్చి వంటి చోట్లకు మార్చి కొనసాగించారు, హాలును మరుసటి ఏడాదికల్లా తిరిగి కట్టారు. పొరుగూరి సంఘాలతో స్నేహం పెంచుకోవడమూ ఒక విధమైన బీమాయే.

వచ్చిన ప్రతి పదిలో ఒక వంతును నిర్వహణ నిధిగా పక్కన పెట్టి, దాన్ని మరే పనికీ ముట్టుకోకూడదని ట్రస్టు పత్రంలోనే రాయండి. రసీదు వారంలోపు వెళ్లాలి. ఇచ్చిన డబ్బుతో ఏం జరిగిందో ఏడాదికి రెండుసార్లు ఒక పేజీలో దాతకు రాయండి. పని ఆలస్యమైతే ఆ మాట కూడా అందులోనే చెప్పండి. కప్పు పని ముగిశాక మొదటి వాన కురిసిన రోజున, చిన్న చందా ఇచ్చినవారిని కూడా లోపలికి పిలిచి, కారడం లేదని వారి కళ్లతోనే చూడనివ్వండి.