నచ్చని వాణిజ్య ప్రకటన గురించి చెప్పడం, రాయడం ఎలా?

"మీకు నచ్చని ఒక ప్రకటనను వర్ణించి, అది ఎందుకు నచ్చలేదో చెప్పండి" అన్న ప్రశ్న ఇంగ్లీషు పరీక్షల్లోనూ, తరగతి గదుల్లోనూ తరచుగా ఎదురవుతుంది. చాలామంది మొదటి వాక్యంలోనే "ఆ ప్రకటన అస్సలు బాగోదు" అని తీర్పు చెప్పేసి, ఆ తర్వాత చెప్పడానికి ఏమీ మిగలక ఆగిపోతారు. తీర్పును చివరిదాకా దాచుకుని, ఆ ప్రకటనను ఎన్నడూ చూడనివారికి సైతం కళ్లకు కట్టేలా ముందు చెప్పగలిగితే, కారణాలు వాటంతటవే బయటికి వస్తాయి.

ఎంపికలోనే సగం పని ఉంది. పదేపదే వచ్చి విసిగించే ప్రకటనను తీసుకుంటే రెండు వాక్యాల్లో విషయం అయిపోతుంది. అందుకని చిరాకు పుట్టించినదాన్ని పక్కన పెట్టి, మనసును నొప్పించినదాన్ని ఎంచుకోండి. నా వరకు అది తెల్లబరిచే క్రీముల ప్రకటన. మన దేశంలో 1975 నుంచి అమ్ముడవుతున్న ఫెయిర్ అండ్ లవ్లీకి 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో వచ్చిన ఎయిర్ హోస్టెస్ ప్రకటన ఇందుకు మంచి ఉదాహరణ.

వర్ణించేటప్పుడు జరిగింది జరిగిన వరుసలోనే చెప్పాలి. కొడుకు ఉంటే బాగుండేదని ఒక తండ్రి వాపోతాడు. ఆ మాట చామనఛాయ కూతురి చెవిన పడుతుంది. ఆమె క్రీము రాసుకుంటుంది, తెల్లబడుతుంది, విమానంలో ఉద్యోగం సంపాదించి తల్లిదండ్రులను పెద్ద హోటలుకు తీసుకెళుతుంది. ఇంతవరకు తీర్పు చెప్పే విశేషణం ఒక్కటి కూడా వాడలేదని గమనించండి. "దారుణమైన", "సిగ్గుమాలిన" వంటి మాటలు వర్ణనలో చేరితే, వినేవారు ప్రకటనను వదిలేసి మీ కోపాన్ని చూడడం మొదలుపెడతారు.

ఆ తర్వాత అసలు గుచ్చుకున్న చోటు ఏదో వెతకాలి. తొందరపడకుండా ఎక్కువ సమయం ఇవ్వవలసింది ఈ భాగానికే. ఈ ప్రకటనలో ఆ చోటు క్రీము రాసుకునే దృశ్యం కాదు, తండ్రి మాటకూ ఉద్యోగానికీ మధ్య ఉన్న ఖాళీ. ఆ అమ్మాయి ఏం చదివింది, ఇంటర్వ్యూలో ఏం మాట్లాడింది అన్నవాటికి కథలో చోటే లేదు. ఆ ఖాళీని మొత్తం చర్మం రంగే నింపింది. పైగా కొడుకు లేడన్న దిగులు తప్పని చెప్పకుండా, తెల్లబడిన కూతురైతే ఆ లోటు తీర్చగలదని చెప్పి, ఒక వివక్ష పక్కన మరో వివక్షను కూర్చోబెట్టింది. "ప్రకటన స్త్రీలను కించపరిచింది" అన్న పొడి వాక్యం కంటే, ఫలానా దృశ్యానికీ ఫలానా దృశ్యానికీ మధ్య ఏమి లేదో చూపించడం ఎంతో బలంగా ఉంటుంది.

అవతలి వాదనను కూడా నిజాయితీగా ప్రస్తావించండి. ఆడపిల్లకు పెళ్లి బదులు ఉద్యోగాన్ని చూపించారు కదా, అది మెచ్చుకోదగినదే కదా అని ఎవరైనా అనవచ్చు. ఆ మాట కొట్టిపారేయదగినది కాదు. అయితే ఆ ఉద్యోగపు తలుపు రంగుతోనే తెరుచుకుంటుందని చూపించాక, చామనఛాయతో పుట్టి బాగా చదువుకుంటున్న పిల్లకు మిగిలేది ధైర్యం కాదు, భయం.

సొంత అనుభవం ఉంటే ఒక్కటి చాలు, అదీ చిన్నదిగా ఉండాలి. సాయంత్రం సీరియల్ మధ్యలో ఇలాంటి ప్రకటనలు వచ్చినప్పుడల్లా మా అక్క మంచినీళ్లకని లేచి వంటింట్లోకి వెళ్లేది. అద్దం ముందు ఒక ట్యూబు ఉండేది; అది అయిపోయాక కత్తెరతో నిలువునా కోసి, లోపల అంటుకున్నదాన్ని వేలితో తీసి రాసుకునేది. ఆమె బాధపడిందని నేను విడిగా చెప్పనక్కరలేదు.

మీ అయిష్టం మీ ఒక్కరిదే కాదని చూపించడానికి ఒకటి రెండు ఆధారాలు జోడించండి. ఇలాంటి ప్రకటనలపై అఖిల భారత ప్రజాస్వామిక మహిళా సంఘం (ఐద్వా) 2002లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం కొన్నింటి ప్రసారాన్ని ఆపించింది. ప్రకటనల రంగం తనకు తానే ఏర్పరచుకున్న ప్రకటనల ప్రమాణాల మండలి (ASCI) 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, నల్లగా ఉన్నవారిని అందం లేనివారిగా, దిగులుగా ఉన్నవారిగా, ఉద్యోగంలోనో పెళ్లిలోనో వెనుకబడేవారిగా చూపించకూడదు. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది. పేరు మారినంత మాత్రాన విమర్శ పని పూర్తయిందని నేను అనుకోను. గ్లో, అంటే "కాంతి" అన్న మాట చాటున క్రీము రాయకముందు ముఖం, రాసిన తర్వాత ముఖం పక్కపక్కన ఇంకా కనిపిస్తున్నాయా అని చూడాలి.

రాసింది ఫిర్యాదుగా మారాలనుకుంటే, ప్రమాణాల మండలి వెబ్‌సైటులో పంపవచ్చు, లేదా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ అదే తప్పు చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. ఫిర్యాదు చేసేటప్పుడు మాత్రం మీ వర్ణనకు ప్రకటన వచ్చిన ఛానెల్ లేదా పత్రిక పేరు, తేదీ, సమయం, అందులో మీకు అభ్యంతరమైన వాక్యం ఉన్నది ఉన్నట్టుగా జతచేయండి.