కటాకొలోలో షిప్ ఆగితే ఆలివ్ తోట చూసి రండి

గ్రీస్‌లోని కటాకొలో రేవులో క్రూయిజ్ ఆగితే చాలామంది పురాతన ఒలింపిక్ క్రీడలు జరిగిన ఒలింపియా శిథిలాలకే వెళ్తారు, కానీ దగ్గర్లోనే ఆలివ్ తోటలున్నాయి, ఒక పూట వాటికివ్వండి. ముందే బుక్ చేసుకుని, షిప్ ఎక్కాల్సిన టైమ్‌కి గంట ముందే తిరిగొచ్చేలా టాక్సీ మాట్లాడుకుంటే టెన్షన్ ఉండదు. కాయ కోత చూడాలంటే నవంబర్, డిసెంబర్‌లలో వెళ్లాలి.

చెట్టు మీది కాయ కొరక్కండి, కటిక చేదు! ఉప్పునీళ్లలో వారాల తరబడి ఊరితేనే తినగలం. తోటలో ఆలివ్ నూనె రుచి చూసేటప్పుడు చిన్న గ్లాసుని అరచేతుల్లో పట్టుకుని వెచ్చబెట్టి, వాసన చూసి, నోట్లోకి కాస్త గాలి పీలుస్తూ చప్పరించండి, గొంతులో మిరియంలా ఘాటు తగిలితే అది మంచి తాజా నూనె అన్నమాట, నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ ఘాటే. కొంటే రేకు డబ్బాలోదే కొనండి, వెలుతురు తగిలితే నూనె పాడవుతుంది. విమానంలో చెక్-ఇన్ బ్యాగ్‌లో పెట్టండి.