నక్షత్ర వర్ణపటం నుంచి లెక్కలు తేడాగా వస్తున్నాయా? ఇక్కడ వెతకండి

నక్షత్ర వర్ణపటాన్ని మోడల్ (లెక్కగట్టిన) వర్ణపటాలతో పోల్చి ఉష్ణోగ్రత, గురుత్వం, లోహాంశం చెప్పే ఫిట్టింగ్ ప్రోగ్రాం ఎప్పుడూ "తెలియదు" అనదు. ఏదో ఒక ఉష్ణోగ్రత ఇస్తుంది, పక్కన ముచ్చటగా చిన్న ఎర్రర్ బార్ కూడా పెడుతుంది. అందుకే ముందుగా సూర్యుడి వర్ణపటాన్ని అదే పద్ధతిలో నడిపి చూడండి. చంద్రుడి మీద పడి తిరిగొచ్చిన వెలుగైనా సరిపోతుంది. ఉష్ణోగ్రత 5772 కెల్విన్, లాగ్ జీ (ఉపరితల గురుత్వపు లాగరిథమ్) 4.44, లోహాంశం (భారమూలకాల వంతును సూర్యుడితో పోల్చి లాగరిథమ్‌లో చెప్పేది) సున్నా. వీటికి దగ్గరగా రాకపోతే నక్షత్రాల సంగతి తర్వాత, ముందు మీ పద్ధతినే సరిచేసుకోవాలి.

వర్ణపటంలోని రేఖలన్నీ, వేగం లెక్కలో, సెకనుకు 83 కిలోమీటర్ల మేర జరిగి ఉన్నాయి

ఈ అంకె కనబడితే దాదాపు ఖాయం: మోడల్, డేటా రెండింట్లో ఒకటి గాలిలోని తరంగదైర్ఘ్యాలతో, ఇంకొకటి శూన్యంలోని వాటితో ఉంది. 5000 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక్కోటి మీటరులో వెయ్యి కోట్ల వంతు) దగ్గర ఆ తేడా సుమారు 1.4 ఆంగ్‌స్ట్రామ్‌లు. రెండూ ఒకే లెక్కలోకి మార్చండి.

రేఖలన్నీ లోతు తగ్గాయి, లోహాంశం మరీ తక్కువ వస్తోంది

కంటిన్యూయం గీత (రేఖలు లేని చోట్ల ఉండే వెలుగు మట్టం) కిందికి పడి ఉండొచ్చు, లేదా ఆకాశపు వెలుగు పూర్తిగా తీసేయలేదు. చల్లటి నక్షత్రాల్లో రేఖలు ఎంత కిక్కిరిసి ఉంటాయంటే, అసలైన కంటిన్యూయం కనిపించనే కనిపించదు. అక్కడ మోడల్‌కీ డేటాకీ ఒకే విధంగా గీత గీయడం తప్ప దారి లేదు. హెచ్-ఆల్ఫా అనే హైడ్రోజన్ రేఖ (6563 ఆంగ్‌స్ట్రామ్‌లు) చుట్టూ మాత్రం ఎక్కువ వంపులున్న పాలినోమియల్ వాడకండి. అది రేఖ రెక్కల్ని (ఇరుపక్కలా సాగే వాలు అంచుల్ని) మింగేస్తుంది, దాంతో ఉష్ణోగ్రతా తగ్గిపోతుంది.

ఉష్ణోగ్రత పెరిగితే లోహాంశమూ పెరుగుతోంది

సూర్యుడి లాంటి నక్షత్రాల్లో వేడి పెరిగితే తటస్థ ఇనుము రేఖలు బలహీనపడతాయి. ఆ లోటు పూడ్చడానికి ప్రోగ్రాం లోహం పెంచుతుంది. ఒక్కో ఇనుము రేఖ ఇచ్చే ఇనుము మోతాదును దాని ఉత్తేజన శక్తికి (ఆ రేఖ మొదలయ్యే పరమాణు స్థాయి శక్తికి) ఎదురుగా గ్రాఫ్ గీయండి. తక్కువ శక్తి రేఖలు ఎక్కువ ఇనుము చూపిస్తే, మీరు పెట్టిన ఉష్ణోగ్రత ఎక్కువైందన్నమాట. తగ్గించండి. బలమైన రేఖలు మాత్రమే ఎక్కువ చూపిస్తే మైక్రోటర్బులెన్స్ (నక్షత్ర వాతావరణంలోని చిన్న స్థాయి కల్లోల వేగం) పెంచాలి. ఒకటి కదిలిస్తే రెండోదీ కదులుతుంది, కాబట్టి మార్చి మార్చి చేయక తప్పదు.

లాగ్ జీ నమ్మబుద్ధి కావడం లేదు

నిజానికి నమ్మకూడదు కూడా. వర్ణపటం మీద గురుత్వం వేసే ముద్ర చాలా పలచన. మామూలుగా తటస్థ ఇనుము, అయనీకృత ఇనుము రెండూ ఒకే మోతాదు చూపేదాకా లాగ్ జీని సర్దుతాం. దీని వెనకున్నది పరమాణువుల్లో ఎంత వంతు అయనీకృతమవుతుందో చెప్పే, 1920లో మేఘనాథ్ సాహా ఇచ్చిన సమీకరణమే. కానీ అది స్థానిక ఉష్ణ సమతాస్థితిని (పరమాణువుల స్థితిని అక్కడి ఉష్ణోగ్రత, సాంద్రతలే నిర్ణయిస్తాయన్న ఊహను) నమ్ముకుంటుంది. లోహం తక్కువున్న జెయింట్ నక్షత్రాల్లో అతినీలలోహిత కాంతి తటస్థ ఇనుమును లెక్కకు మించి అయనీకరిస్తుంది. తటస్థ రేఖలు తక్కువ మోతాదు చూపిస్తాయి, దాన్ని సరిపెట్టబోయి గురుత్వం తప్పుగా కిందికి దిగుతుంది.

సమతాస్థితి తప్పినందుకు చేసే సవరణలు ఉన్నాయి. నా ఓటు మాత్రం గైయా ఉపగ్రహం కొలిచిన పారలాక్స్‌కే (నక్షత్రం దూరం చెప్పే చిన్న కోణానికే). దూరం తెలిస్తే అసలు కాంతి, దాన్నుంచి ఉష్ణోగ్రత సాయంతో వ్యాసార్థం, దానికి ద్రవ్యరాశి అంచనా కలిపితే గురుత్వం వచ్చేస్తుంది. ద్రవ్యరాశి 10 శాతం తప్పినా లాగ్ జీలో తేడా 0.04 మాత్రమే. ఆ విలువను అలాగే ఉంచి మిగతావి ఫిట్ చేయండి.

రెండు వేర్వేరు ఉష్ణోగ్రతలు సమానంగా సరిపోతున్నాయి

హైడ్రోజన్ రేఖలు 9000–10000 కెల్విన్ ప్రాంతంలో అత్యంత బలంగా ఉండి అటూ ఇటూ తగ్గుతాయి. 3933 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర కాల్షియం రేఖ బలంగా ఉంటే చల్లటి వైపు, 4471 దగ్గర హీలియం కనిపిస్తే వేడి వైపు.

ప్రతి నక్షత్రానికీ ఒకే భ్రమణ వేగం వస్తోంది

అది మీ పరికరం రేఖలకు అంటించే వెడల్పు. 10000 రిజల్యూషన్ (తరంగదైర్ఘ్యంలో పదివేల వంతు తేడాను విడదీయగల శక్తి) అంటే సెకనుకు 30 కిలోమీటర్లు. దాన్ని మోడల్‌లో కలపాలి.

జవాబు సరిగ్గా గ్రిడ్ (ముందే లెక్కించి పెట్టిన మోడల్‌ల పట్టిక) అంచున ఆగింది

అది జవాబు కాదు. గ్రిడ్ పెంచండి.

ప్రతి రేఖలోనూ ఒకే పక్కన మిగులు కనిపిస్తోంది

ఇంకో నక్షత్రం కలిసి ఉందేమో చూడండి. మరికొన్ని రాత్రులు పరిశీలిస్తే రేఖలు విడివడతాయి. అప్పుడు రెండింటికీ విడివిడిగా మోడల్ పెట్టాలి, లేదా ఆ నక్షత్రాన్ని జాబితాలోంచి తీసేయాలి.