కొత్త ఎడిషన్ వద్దంటున్న ఆటగాడితో ఏం చేయాలి

కూకట్‌పల్లిలోని ఒక ఫ్లాట్‌లో ప్రతి ఆదివారం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ నడిపే ఆట) ఆడే బృందానికి, 2014 నాటి పాత నియమాల బదులు 2024 నియమాలను అలవాటు చేయాలనుకునే గేమ్ మాస్టర్, అంటే ఆటను నడిపించే వ్యక్తి, వాటి గొప్పతనాన్ని వర్ణించే ముందు, వద్దంటున్న ఆటగాడికి అడ్డుపడుతున్నదేమిటో విడిగా అడిగి తెలుసుకోవాలి.

అడ్డు ఖర్చే అయితే దారి సులభం. 2025 ఏప్రిల్‌లో ఉచితంగా విడుదలైన ఎస్ఆర్‌డీ 5.2లో, అంటే కొత్త నియమాల మూల పత్రంలో, పన్నెండు తరగతులూ (యోధుడు, మాంత్రికుడు వంటి పాత్ర రకాలు), ఒక్కోదానికి ఒక ఉపతరగతీ ఉన్నాయి కనుక బృందానికంతటికీ ఒక్క పుస్తకాల సెట్టు చాలు.

అసలు చిక్కు పాత్ర దగ్గర వస్తుంది. 2014 నియమాల్లో ఐదో స్థాయి దాటిన పాలడిన్ (దైవశక్తి గల యోధుడు) తన వంతులో రెండు దెబ్బలూ తగిలితే రెండింటికీ డివైన్ స్మైట్ అనే అదనపు దైవిక దెబ్బను జోడించగలడు. 2024లో అది బోనస్ యాక్షన్ (వంతుకు ఒక్కటే దొరికే అదనపు చర్య) తీసుకునే మంత్రంగా మారినందువల్ల వంతుకు ఒక్కసారే సాధ్యం. ఏడాదిగా ఆ పాత్రను పెంచుకున్న వ్యక్తికి ఇది సంస్కరణలా తోచదు, చేతిలోని ఆయుధాన్ని లాక్కున్నట్టే ఉంటుంది, అందులో అతని తప్పేమీ లేదు. కాబట్టి నడుస్తున్న కథలో పాత్రను మార్చమని పట్టుబట్టకండి.

అపనమ్మకం మరో రకం. ఈ ఆట నియమాలతో ఇతరులు పుస్తకాలు వేసుకునే లైసెన్సును మార్చాలని 2023 జనవరిలో ప్రచురణ సంస్థ చేసిన ప్రతిపాదన రేపిన కోపం, దాన్ని ఆ నెలలోనే విరమించుకున్నా, కొందరిలో ఇంకా చల్లారలేదు. దానిపై వాదనకు దిగడం దండగ. 2008లో నాలుగో ఎడిషన్ నచ్చనివారిలో చాలామంది, దానికి ముందరి 3.5 ఎడిషన్ నియమాల మీద నిర్మించిన పోటీ ఆట పాత్‌ఫైండర్ 2009లో రాగానే అటు వెళ్లారు; వెళ్లదలచినవారిని ఆపడం అప్పుడూ ఎవరి తరమూ కాలేదు.

మిగిలిన సందేహాలకు ఒక్కపూట ఆటే మందు. మూడో స్థాయి పాత్రలను మీరే సిద్ధం చేసి, మారిన నియమాలను ఒక్క పేజీలో రాసివ్వండి. ఉప్పల్‌లో బయలుదేరి అమీర్‌పేటలో మెట్రో మారి వచ్చే ఆటగాడికి పుస్తకం చదివి వినిపిస్తే విసుగు రావడం సహజం. గాయాలు మాన్పే హీలింగ్ పోషన్‌ను బోనస్ యాక్షన్‌తో తాగవచ్చన్న మార్పుతో మొదలుపెట్టండి. చాలా బృందాలు దాన్ని ఇంటి నియమంగా ఏనాటి నుంచో పాటిస్తున్నాయి కనుక, తాము సగం దూరం ముందే నడిచామని వారికే తెలుస్తుంది.

అప్పటికీ ఒప్పుకోకపోతే పాత కథను పాత నియమాలతోనే ముగించి, కొత్తవాటిని తర్వాతి కథకు అట్టిపెట్టండి. రెండు పుస్తకాలూ బల్ల మీద ఉండక తప్పదంటే, ఒకే పేరుతో రెండు రూపాలున్న మంత్రాల్లో ఏది చెల్లుతుందో పాచిక చేతపట్టకముందే కాగితం మీద రాసుకోవాలి.