బైక్ టైర్ ప్రెషర్ సెన్సర్ పనిచేయడం లేదా? టైరు విప్పే ముందు, విప్పాక, ఎక్కించాక చూడాల్సినవి

టైరు లోపలి సెన్సర్ మార్చాలంటే చక్రం ఊడదీయాలి, బీడింగ్ (రిమ్మును పట్టుకుని కూర్చునే టైరు అంచు) వదిలించాలి, మళ్లీ బ్యాలెన్సింగ్ చేయించాలి. ఖర్చూ రిస్కూ అన్నీ ఆ పనిలోనే. అందుకని డ్యాష్‌లో నంబరు రాకపోగానే సెన్సర్ పోయిందని తేల్చేసి ఆర్డర్ పెట్టకండి. టైరు ముట్టుకోకుండానే తేలిపోయే సమస్యలు ముందు, విప్పితే గానీ తేలనివి తర్వాత రాశాం. అదే వరుసలో చూసుకోండి.

మీ బండిలో ఏ రకం సెన్సర్ ఉందో ముందు తెలియాలి. బీఎండబ్ల్యూ, ట్రయంఫ్, డుకాటీ, కేటీఎం పెద్ద బళ్లలో కంపెనీ నుంచి వచ్చేది రిమ్ము లోపల, వాల్వ్ మొదట్లో బిగించి ఉంటుంది. బయట కొనుక్కునే వాటిలో ఎక్కువ భాగం వాల్వ్ మూత స్థానంలో తిప్పి బిగించే క్యాప్ రకం. ట్యూబ్ టైర్లున్న స్పోక్ వీల్ బళ్లకు లోపలి రకం కుదరదు, క్యాప్ ఒక్కటే దారి.

డ్యాష్‌లో రెండు టైర్లకూ నంబరు బదులు గీతలే కనిపిస్తున్నాయి

చాలాసార్లు ఇది అసలు సమస్యే కాదు. బ్యాటరీ ఆదా కోసం లోపలి సెన్సర్ ఆగిన బండిలో నిద్రపోతుంది, చక్రం తిరిగే వేగాన్ని బట్టి లేస్తుంది. బీఎండబ్ల్యూ బళ్లలో సుమారు 30 కిలోమీటర్ల వేగం దాటితే, ట్రయంఫ్‌లో 20 దాటితే గానీ రీడింగ్ రాదు. సాయంత్రం ఆరింటికి హైదరాబాద్ ట్రాఫిక్‌లో పంజాగుట్ట నుంచి అమీర్‌పేట వెళ్లేవాళ్లకు డ్యాష్‌లో గీతలు తప్ప ఇంకేం కనిపిస్తాయి?

పరీక్ష: ఖాళీ రోడ్డు మీద 40, 50 వేగంతో ఆగకుండా పది నిమిషాలు నడపండి. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మెయిన్ రోడ్డు మీదకు టూ వీలర్లను రానివ్వరు కాబట్టి పక్కనున్న సర్వీస్ రోడ్డు వాడుకోండి. పొద్దున్నే అయితే నెక్లెస్ రోడ్డైనా చాలు.

అప్పటికీ రెండూ రాకపోతే అనుమానం సెన్సర్ల మీద కాదు, సిగ్నల్ అందుకునే రిసీవర్ మీద పెట్టండి. ఒకే వయసు బ్యాటరీలు కొన్ని వారాల తేడాతో పోవడం మామూలే గానీ, ఒకే రోజు రెండూ పోవడం అరుదు. ఫ్యూజు, రిసీవర్ కనెక్టర్ చూడండి. వర్షంలో తిరిగిన బండైతే కనెక్టర్ పిన్నుల మీద ఆకుపచ్చటి పొర ఉందేమో గమనించండి. ఈమధ్య ఎల్ఈడీ ఫాగ్ లైట్లు, యూఎస్‌బీ చార్జర్, డ్యాష్‌క్యామ్ లాంటివేమైనా పెట్టించారా? చవక రకం పవర్ సర్క్యూట్లు రేడియో తరంగాల అలజడిని వెదజల్లుతాయి, సెన్సర్ పంపే బలహీనమైన సిగ్నల్ అందులో మునిగిపోతుంది. ఒక్కొక్కదాన్నీ ప్లగ్ తీసేసి నడిపి చూడండి. ఏది తీస్తే నంబరు వచ్చిందో దొంగ అదే.

బంకు గేజీకీ డ్యాష్‌కీ పొంతన లేదు

సెన్సర్ తప్పు చూపిస్తోందని మార్పించుకునేవాళ్లలో చాలామంది పడే పొరపాటు ఇదే. బీఎండబ్ల్యూ ఆర్‌డీసీ (ఆ కంపెనీ టైర్ ప్రెషర్ సిస్టమ్) డ్యాష్‌లో చూపేది టైరులో ఆ క్షణాన ఉన్న ఒత్తిడి కాదు. లోపలి గాలి 20 డిగ్రీల దగ్గర ఉంటే ఎంత ఉండేదో లెక్కగట్టి ఆ అంకె చూపిస్తుంది. బంకు గేజీకి ఆ లెక్క తెలియదు, ఉన్నది ఉన్నట్టు చెబుతుంది.

మే నెల మధ్యాహ్నం కాస్త దూరం నడిపి బంకులో ఆపారనుకోండి. టైరు లోపలి గాలి 50 డిగ్రీలుంది, గేజీ 40 పీఎస్ఐ చూపింది. అదే గాలిని 20 డిగ్రీలకు లెక్కవేస్తే 35 వస్తుంది. డ్యాష్‌లో 35, గేజీలో 40: రెండూ నిజమే. ఇక్కడ గేజీని నమ్మి 36కి తగ్గించారంటే, చల్లబడ్డాక టైరులో మిగిలేది 31, 32 మాత్రమే.

సరిచేసే పద్ధతి: తేడాను మాత్రమే సవరించండి. డ్యాష్ 35 చూపుతోంది, ఉండాల్సింది 36 అయితే గేజీలో అప్పుడున్న అంకెకు ఒకటి కలిపి గాలి కొట్టించండి, అంటే 41 వరకు. బంకు కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. ఉష్ణోగ్రత లెక్క వేయని సిస్టమ్‌లైతే పొద్దున్నే చల్లటి టైరు మీదే సరిచూడాలి. 36 పీఎస్ఐ దగ్గరున్న టైరులో పది డిగ్రీలకు ఒకటిన్నర పీఎస్ఐకి పైగా తేడా వస్తుంది.

ఇంకో చిన్న సంగతి. సెన్సర్ కొలిచేది మొత్తం ఒత్తిడి, అందులోంచి బయటి వాతావరణ పీడనాన్ని తీసేస్తే మనకు కావాల్సిన అంకె వస్తుంది. చవక రకాలు సముద్ర మట్టం దగ్గరి పీడనాన్నే తీసేస్తాయి. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అలాంటి సెన్సర్ ఇక్కడ దగ్గర దగ్గర ఒక పీఎస్ఐ తక్కువ చూపిస్తుంది. ఆ ఒక్క పీఎస్ఐ కోసం దాన్ని మార్చక్కర్లేదు.

ఒక్క టైరు రీడింగే పోయింది, లేదా వచ్చి పోతోంది

ఇక్కడ సెన్సర్‌నే అనుమానించాలి. కారణాలు మూడు.

మొదటిది బ్యాటరీ. లోపలి సెన్సర్‌లో లిథియం కణాన్ని గట్టి రెసిన్‌లో పోసి మూసేస్తారు. ఐదు నుంచి పదేళ్ల వరకు వస్తుంది, ఎండ దెబ్బకు ఇంకా తగ్గుతుంది. చనిపోయే ముందు పొద్దున చలిలో రాకపోవడం, టైరు వేడెక్కాక రావడం దీని గుర్తు. కొన్ని బళ్లలో బ్యాటరీ హెచ్చరిక విడిగా వెలుగుతుంది. రెసిన్ చెక్కి కొత్త సెల్ అతికించేవాళ్లు ఉన్నారు. మా మాట వింటే ఆ పని వద్దు: అతుకు వంద రెట్లకు పైబడిన అపకేంద్ర బలాన్ని తట్టుకోవాలి, ఊడితే లోపలే గిరగిరా తిరుగుతుంది.

రెండోది పంక్చర్ లిక్విడ్. ముందుజాగ్రత్తగా పోయించుకునే ఆ జిగురు సెన్సర్ గాలి రంధ్రంలో ఎండిపోతుంది. అప్పుడు నంబరు పూర్తిగా పోదు, ఒకే అంకె దగ్గర బిగుసుకుపోతుంది. గాలి ఐదు పీఎస్ఐ తీసి నడిపినా అంకె కదలకపోతే ఇదే కారణం. సూదితో పొడిచి శుభ్రం చేయబోతే లోపలి పొర చిరుగుతుంది, మార్చేయడమే.

మూడోది టైరు విప్పే లివర్ దెబ్బ. ఈమధ్యే టైరు మార్పించి, ఆ రోజు నుంచే రీడింగ్ పోతే ఇక వెతకక్కర్లేదు.

తేల్చుకోవడానికి కారు టైర్ల షాపుల్లో ఉండే టీపీఎంఎస్ టూల్ (టైర్ ప్రెషర్ సెన్సర్లను చదివే పరికరం) పనికొస్తుంది. వాల్వ్ పక్కన పెట్టి 125 కిలోహెర్ట్జ్ సంకేతంతో తట్టి లేపితే, బతికున్న సెన్సర్ తన ఐడీ (గుర్తింపు నంబరు), ఒత్తిడి, బ్యాటరీ స్థితి చెబుతుంది. టూల్ మెనూలో మీ బైక్ పేరు లేకపోతే మాత్రం జవాబు రాకపోవడాన్ని చావుకు రుజువుగా తీసుకోకండి. ముందు బాగున్న రెండో చక్రం మీద పెట్టి చూడండి. అది పలికి ఇది పలక్కపోతేనే లెక్క. పలికితే ఆ ఐడీని అప్పుడే రాసి పెట్టుకోండి, తర్వాత పని సగం తగ్గుతుంది.

మార్చడం

కొనేటప్పుడు మూడు సరిచూడాలి: పార్ట్ నంబర్, ఫ్రీక్వెన్సీ, వాల్వ్ రంధ్రం కొలత. మన దగ్గరి బళ్లవి మామూలుగా 433.92 మెగాహెర్ట్జ్. అమెరికా నుంచి తెప్పించిన సెన్సర్ 315 అయి ఉండొచ్చు, రూపం అచ్చం అదే ఉంటుంది, ఎంత ప్రోగ్రామ్ చేసినా పలకదు. వాల్వ్ రంధ్రాలు బైక్ రిమ్ముల్లో 8.3 లేదా 11.3 మిల్లీమీటర్ల కొలతలో ఎక్కువ. దాంతో పాటు కొత్త రబ్బరు సీలు, కొత్త స్క్రూ, కొత్త వాల్వ్ పిన్ (వాల్వ్ లోపల గాలిని ఆపే చిన్న కోర్) తీసుకోండి. స్క్రూ మరల మీద ముందే పూసిన లాక్ మందు ఒక్కసారికే పనిచేస్తుంది. వాల్వ్ కాండం అల్యూమినియం అయితే పిన్ వెండి రంగు నికెల్ పూతదే కావాలి. పంక్చర్ షాపులో దొరికే పసుపు ఇత్తడి పిన్ వేస్తే రెండు లోహాల మధ్య తుప్పు పట్టి, తెల్లటి పొడి కమ్మి, ఏడాది తిరిగేసరికి పిన్ ఊడకుండా బిగుసుకుంటుంది. రాణీగంజ్‌లో పిన్నుల కవరు కొనేటప్పుడు రంగు చూసి అడగండి.

టైరు విప్పేవాళ్లకు ముందే చెప్పాలి: "అన్నా, వాల్వ్ దగ్గర లోపల సెన్సర్ ఉంది, అక్కడ లివర్ పెట్టకు." చెప్పి ఊరుకోకుండా వాల్వ్‌కు రెండు వైపులా జానెడు దూరంలో రిమ్ము మీద చాక్‌పీస్‌తో గీతలు గీయండి.

పిన్ తీసి గాలి పూర్తిగా వదలండి. బీడింగ్ వదిలించే ప్రెస్ వాల్వ్‌కు సరిగ్గా ఎదురుగా మొదలవ్వాలి. తర్వాత ఆ ఎదురు వైపు బీడింగ్‌ను రిమ్ము మధ్య పల్లంలోకి మోకాలితో తొక్కిపట్టి, మొదటి లివర్ గీత దగ్గర పెట్టి, వాల్వ్ నుంచి దూరంగా జరుపుకుంటూ పోవాలి. ఇలా ఎందుకంటే, లివర్ వేసే చోటికి ఎదురుగా ఉన్న బీడింగ్ ఎప్పుడూ పల్లంలోకి దిగుతుంది. సెన్సర్ కూర్చున్నది ఆ పల్లంలోనే. వాల్వ్‌కు ఎదురు వైపు లివర్ వేశారంటే బీడింగ్ నేరుగా సెన్సర్ నెత్తిన కూర్చుంటుంది. సరిగ్గా వాల్వ్ దగ్గరే వేస్తే లివర్ మూతి పొడుస్తుంది. అందుకే జానెడు పక్కన. లివర్‌ను పట్టు దొరికేంత వరకే దూర్చాలి, అంతకు మించి లోపలికి పోకూడదు.

ఎక్కించేటప్పుడు వాల్వ్‌కు ఎదురు వైపు మొదలుపెట్టి, మళ్లీ అదే గీత దగ్గర ముగించాలి. బీడింగ్‌కు పలచటి సబ్బు నీళ్లు చాలు. కిరోసిన్, గ్రీజు వద్దు.

కొత్త సెన్సర్ బిగించేటప్పుడు దాని ఒంటిని పట్టుకుని తిప్పకండి, మెడ విరిగేది అక్కడే. రిమ్ములో పాత సీలు కూర్చున్న చోట మురికి గీకి, బట్టతో తుడిచాకే కొత్తది పెట్టాలి. వాల్వ్ నట్టు బిగింపు మాన్యువల్‌లో రాసినంతే, టార్క్ రెంచితో. పిన్‌కు అర న్యూటన్ మీటర్ లోపే సరిపోతుంది. గాలి నింపాక వాల్వ్ మొదట్లో సబ్బు నీళ్లు పోసి బుడగలు చూడండి, తర్వాత బ్యాలెన్సింగ్ తప్పనిసరి. మూత ప్లాస్టిక్‌ది పెట్టండి.

టైరు మూసే ముందు సెన్సర్ మీద అచ్చైన ఐడీని రెండు ఫొటోలు తీయండి, ముందుది ఏదో వెనకది ఏదో రాసుకోండి. ఇది మరిచి టైరు ఎక్కించి, ఐడీ కోసం మళ్లీ విప్పించుకున్నవాళ్లు తక్కువేం లేరు.

ప్రోగ్రామింగ్

దారులు రెండు. ఒకటి, పాత ఐడీని కొత్త సెన్సర్‌లోకి కాపీ చేయడం. రాయదగిన ఖాళీ సెన్సర్లకే ఇది కుదురుతుంది. బండి కంప్యూటర్‌ను ముట్టుకోవాల్సిన పనే ఉండదు, దానికి పాత సెన్సరే ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ పని సెన్సర్ బల్ల మీద ఉండగానే పూర్తి చేసి, టూల్‌తో మళ్లీ చదివి చూశాకే టైరులో పెట్టాలి.

రెండోది, కొత్త ఐడీని బండికి నేర్పడం. షోరూమ్ టూల్‌తో గానీ, బీఎండబ్ల్యూ అయితే జీఎస్-911 లాంటి పరికరంతో గానీ చేయొచ్చు. బండి బ్యాటరీ బలహీనంగా ఉంటే ముందు చార్జర్ తగిలించండి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి చేసే పని కాబట్టి వోల్టేజీ పడిపోతే మధ్యలో ఆగిపోతుంది.

ఐడీ రాశాం, అయినా గీతలే

చాలావరకు ఐడీ తప్పు పడి ఉంటుంది. సెన్సర్ మీది నంబరు హెక్సాడెసిమల్‌లో (0 నుంచి 9 వరకు అంకెలు, ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు వాడే పద్ధతి) ఉండి, టూల్ మామూలు దశాంశంలో అడుగుతుంటుంది, లేదా అంకెల వరుస తిరగబడి ఉంటుంది. అక్షరాలు లేని నంబరైతే ఇంకా మోసం చేస్తుంది: సెన్సర్ మీద 10203040 అని ఉంటే అది మామూలు సంఖ్యలాగే కనిపిస్తుంది, కానీ దశాంశంలో దాని విలువ 270544960. విండోస్ క్యాలిక్యులేటర్‌లో ప్రోగ్రామర్ మోడ్ పెడితే క్షణంలో మారుస్తుంది. బండిలో ముందే ఉన్న పాత ఐడీని చదివి, అది ఏ రూపంలో ఉందో పోల్చుకోవడం అన్నిటికన్నా సులువు. 8ని బీగా, సున్నాను డీగా చదవడం కూడా జరుగుతుంది, ఫొటో పెద్దది చేసి చూడండి.

ఐడీ సరిగ్గానే ఉంటే, సెన్సర్ ఇంకా ఫ్యాక్టరీ నిద్రలోనే ఉందేమో చూడండి. గాలి పూర్తిగా వదిలి మళ్లీ ఒక్కసారిగా నింపితే లేదా టూల్‌తో తట్టితే చాలావరకు లేస్తుంది. తర్వాత పది నిమిషాలు నడపాలి.

ముందు వెనక తారుమారైంది

ముందు టైరులో ఐదు పీఎస్ఐ తీసి నడపండి. వెనక అంకె తగ్గిందంటే ఐడీలు అటూ ఇటూ పడ్డాయి. టూల్‌లో మార్చుకుంటే సరి, టైరు విప్పక్కర్లేదు.

క్యాప్ రకంలో గాలి తగ్గిపోతోంది

క్యాప్ సెన్సర్ వాల్వ్ పిన్‌ను నొక్కి తెరిచి ఉంచుతుంది. అంటే గాలిని ఆపేది ఇక దాని రబ్బరు వాషరే. అది ఎండిపోయినా, మరలు సగం పట్టినా రాత్రికి రాత్రి గాలి దిగిపోతుంది. వాషర్ మార్చి, సబ్బు నీళ్లతో చూడండి.

రబ్బరు వాల్వ్ మీద క్యాప్ పెట్టడం ఇంకా ప్రమాదం. పది గ్రాముల క్యాప్ 100 కిలోమీటర్ల వేగంలో వాల్వ్‌ను ఒకటిన్నర కిలోల బరువుతో లాగుతుంది. రబ్బరు మొదట్లో వంగి వంగి పగులుతుంది, అక్కడ పగిలితే గాలి ఒక్కసారిగా పోతుంది. వేలితో వాల్వ్‌ను పక్కకు వంచి మొదట్లో సన్నటి గీతలున్నాయేమో చూడండి. ఉన్నా లేకున్నా లోహపు వాల్వ్‌కు మారాకే క్యాప్ పెట్టండి. బిగించాక చక్రాన్ని చేత్తో రెండు చుట్లు తిప్పి బ్రేక్ క్యాలిపర్‌కు, స్వింగ్ ఆర్మ్‌కు తగలడం లేదని నిర్ధారించుకోవాలి.

వీటి సెల్ చాలావాటిలో సీఆర్1632. కొనే ముందు పాతదాని మీద అంకె చదవండి, సీఆర్1620 చూడటానికి అలాగే ఉన్నా పలచన, కదిలి కదిలి రీడింగ్ ఆగిపోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో విడిగా దొరుకుతాయి, తయారీ తేదీ ఉన్న ప్యాకెట్‌లోదే తీసుకోండి. పార్కింగ్‌లో క్యాప్‌లు మాయమవుతుంటే కిట్‌తో వచ్చే లాక్ నట్టును కింద బిగించండి. దాన్ని విప్పే చిన్న స్పానర్ సీటు కింద ఉంచుకోవాలి, లేదంటే గాలి కొట్టించడానికి మీకే దారి ఉండదు.